విమానాన్ని దాని మానాన వదలండి

ఈత ఎవరో ఒకరు నేర్పుతారు. సైకిలు నేర్పడానికి వెనకసీటు పట్టుకుని పరుగెత్తే అన్నయ్యో బాబాయో వుంటాడు. వీణకు గురువున్నాడు, కారుకు స్కూలుంది. కాని తాను నేలమీద నిలబడి, చేతిలో రిమోటు పట్టుకుని, ఆకాశంలో బొమ్మవిమానాన్ని నడిపే విద్యకు మాత్రం మన ఊళ్ళలో గురువు దొరకడం కష్టం. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన పిల్లలకు నమూనా విమానాలు తయారుచేయడం, ఎగరేయడం శిక్షణలో ఒక భాగం. వాళ్ళు అదృష్టవంతులు. తక్కినవాళ్ళు చాలామంది ఎవరికి వారే నేర్చుకోవాలి. అలా నేర్చుకోవడంలో ఒక చిక్కుంది. సైకిలుమీంచి పడితే పగిలే మోకాలు మనది. విమానం పడితే కిందవున్న తల ఎవరిదో?

నేనొక బ్యాంకులో ముప్ఫైఆరేళ్ళు పద్దులు సరిచూసి రిటైరైన మనిషిని. నివాసం తార్నాక. నాకూ విమానాలకూ సంబంధమేమిటంటారా? అది మా మేనల్లుడి మూలంగా కలిగింది. వాడు రెండేళ్ళు పగలనక రాత్రనక ఇంటర్మీడియట్ చదివి ఇంజనీరింగు ప్రవేశపరీక్ష రాశాడు. ర్యాంకు వచ్చింది గాని, ఇంట్లో అనుకున్న ర్యాంకు రాలేదు. ఆనాటినుంచీ గది తలుపు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. వాణ్ణి తిట్టినవాళ్ళు ఎవరూ లేరు. తిట్టినా బాగుండేదేమో! వాళ్ళమ్మ, అంటే మా చెల్లెలు, అరగంటకోసారి తలుపు తట్టి, "పాలు తాగుతావా నాన్నా?" అంటుంది. వాళ్ళ నాన్న భోజనాల దగ్గర, "పోనీలే, ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్‌లో కూచుంటే సరి" అంటాడు. వాడు దేనికీ బదులు చెప్పడు.

ఒక సాయంత్రం చెల్లెలు మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, వాణ్ణి కాస్త బయటికి తీసుకెళ్ళు. నీతో అయితే వస్తాడు" అంది. చిన్నప్పుడు వాడు థర్మకోలుతో విమానాలు చేసి డాబామీంచి విసురుతూ వుండేవాడు. అది గుర్తొచ్చి, "ఒరేయ్, నిజంగా ఎగిరేది కొందామా?" అని అడిగాను. చాలా రోజుల తరవాత వాడు నా మొహంలోకి చూశాడు.

తార్నాక అన్న పేరులోనే కంచె వుందంటారు. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాముల కాలంలో ఇక్కడి తోటలచుట్టూ తీగ కట్టి కాపలా పెట్టడంవల్ల ఆ పేరు వచ్చిందని పెద్దల మాట. ఇప్పుడా తోటలూ లేవు, ఆకాశమూ అంతంతమాత్రమే. 2017 నుంచి మెట్రోరైలు కూడా మన నెత్తిమీదుగానే పోతోంది. కాని నాలుగడుగులు వేస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1918లో పెట్టిన విశ్వవిద్యాలయం, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతిభవనం, చుట్టూ వందల ఎకరాల చెట్లూ మైదానాలూ. నగరం నడిబొడ్డున ఇంత ఆకాశం మరెక్కడ దొరుకుతుంది?

అయితే ఖాళీగా కనిపించేదంతా ఖాళీ కాదు. తెల్లవారకముందే నడకకు వచ్చేవాళ్ళు వస్తారు. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు చెట్టుకొకరు చొప్పున పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. నెమళ్ళు సరేసరి. ఇంకా విమానం కొనలేదు, స్థలం చూసివద్దామని వెళ్ళాం. మేము మైదానాన్ని అడుగులతో కొలుస్తూంటే కాపలా మనిషి దగ్గరికొచ్చాడు.

"ఏం చేస్తున్రు సార్?"

"రిమోటు విమానం ఎగరేద్దామని, స్థలం చూస్తున్నాం నాయనా."

"మంచిగనే ఉంటది. గనీ ఎవరికన్న తగిల్తే?"

మా మేనల్లుడు నావైపు చూశాడు. నేను వాడివైపు చూశాను. ఆ ప్రశ్న మమ్మల్ని తరవాత చాలా నెలలు వదల్లేదు. ఏ విమానం కొనాలి, ఏ వేళప్పుడు ఎగరేయాలి, ఎక్కడ నిలబడాలి అన్నవన్నీ ఆ ఒక్క ప్రశ్నకు సమాధానాలుగానే తేలాయి.

మొదటి సమాధానం అనుమతి. మనదేశంలో 2021లో డ్రోన్ నిబంధనలు వచ్చాయి. వినోదానికి ఎగరేసే నమూనా విమానాలు కూడా వాటి పరిధిలోవే. 250 గ్రాములకు లోపల వుండేవి ఒక తరగతి, 250 గ్రాములనుంచి 2 కిలోలదాకా వుండేవి మరొక తరగతి. విమానం ఎప్పుడూ మన కంటికి కనిపిస్తూ వుండాలి. దేశపటమంతా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ప్రభుత్వం ఇంటర్నెట్లో పెట్టింది. ఎరుపులో కేంద్రప్రభుత్వం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. పసుపులో విమానాల రాకపోకలను నియంత్రించేవారి అనుమతి కావాలి. హైదరాబాదులో ఈ పటం చూడకుండా అడుగు వేయరాదు. ప్రయాణీకుల విమానాలు 2008లో శంషాబాదుకు తరలిపోయాయి గాని, బేగంపేట విమానాశ్రయం మూతపడలేదు. మేము పటం చూసి, అడగవలసినవాళ్ళను అడిగి, కాంపస్ అధికారులకు కాగితం పెట్టుకుని, మైదానం, వేళ, ఎత్తు ముందే నిర్ణయించుకున్నాం. బ్యాంకు మనిషిని కదా, కాగితం విషయంలో నాకు విసుగు లేదు.

ఇదంతా చూసి మా చెల్లెలి భర్త, "బావగారూ, ఈ వయసులో బొమ్మలాటా!" అన్నాడు. ఆయనకు ఒక కథ చెప్పాను, మీకూ చెబుతాను. ఆల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు 1871లో రబ్బరు పురి శక్తితో నడిచే చిన్న విమానం తయారుచేసి, పారిస్ నగరం తోటలో పదిమంది ఎదుట 11 సెకన్లపాటు ఎగరేశాడు. రెక్కలకూ తోకకూ సరైన కోణాలు పెట్టి, మనిషి చెయ్యి అక్కర్లేకుండా నిలకడగా ఎగిరేటట్టు చేయడం అతని ఘనత. అతని పద్ధతిలోనే రబ్బరుతో తిరిగే బొమ్మ హెలికాప్టరు ఒకటి 1878లో అమెరికాలో ఒక తండ్రి తన పిల్లలకు తెచ్చిచ్చాడు. ఆ పిల్లలు విల్బర్ రైటు, ఆర్విల్ రైటు. 1903లో వాళ్ళు మనిషితో ఎగరేసిన మొదటి విమానం గాలిలో వున్నది 12 సెకన్లు. బొమ్మ 11 సెకన్లు, అసలుది 12. బొమ్మలాటను అంత తేలిగ్గా తీసిపారెయ్యకూడదన్నాను. ఇక రేడియోతో నమూనా విమానాన్ని నడపడమంటారా, 1937లో అమెరికాలోనే కలమజూ అనే ఊళ్ళో గుడ్ అనే ఇంటిపేరుగల కవల సోదరులు తమ విమానాన్ని అలా ఎగరేశారు.

రెండో సమాధానం, విమానం ఎంపిక. దుకాణాల్లో యుద్ధవిమానం నమూనాలు ముచ్చటగా వుంటాయి. కొత్తవాళ్ళు వాటి జోలికి పోరాదు. రెక్క శరీరానికి పైన వుండాలి. రెక్కల కొసలు రెండూ కాస్త పైకి లేచి వుండాలి, నమస్కారం పెట్టబోయి ఆగినట్టు. అలాంటి విమానం ఒక పక్కకు ఒరిగితే, ఆ పక్కకే జారుతుంది. జారేటప్పుడు కిందికి దిగిన రెక్కకు గాలి తాకిడి హెచ్చి అది తిరిగి లేస్తుంది. అంటే తప్పటడుగు వేసి తనంత తాను సర్దుకునే గుణం దానిలోనే వుంది. శరీరం మెత్తటి ఫోముదై వుండాలి. ప్రొపెల్లరు ముందువైపు కాక వెనకవైపు వుంటే మరీ మంచిది, ఎదుటివాళ్ళకు తగిలేది మెత్తని ముక్కే అవుతుంది. మాది అలాంటిదే, బరువు అరకిలో. ఖరీదంటారా, ఇప్పటి మంచి సెల్‌ఫోను కన్నా తక్కువే.

చేతిలోని రిమోటుకు రెండు పుల్లలుంటాయి. ఎక్కువమంది వాడే అమరికలో ఎడమచేతి పుల్ల పైకీ కిందికీ జరిపితే మోటారు వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. కుడిచేతి పుల్ల వెనక్కి లాగితే ముక్కు పైకి లేస్తుంది, ముందుకు తోస్తే దిగుతుంది. అదే పుల్ల పక్కలకు జరిపితే విమానం అటో ఇటో తిరుగుతుంది. చిన్న విమానాలకు ఈ మూడు పనులు చాలు. పూర్వం ఈ రిమోటులకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ వుండేది. మైదానంలో ఇద్దరివి ఒకటే అయితే ఒకరి విమానం నేలపాలు. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలలో ఏ రిమోటు మాట ఆ విమానమే వింటుంది.

ఇక మూడో సమాధానం, నేర్చుకునే పద్ధతి. రెండువారాలు విమానాన్ని పెట్టెలోనే వుంచాం. రిమోటును కంప్యూటరుకు తగిలించి తెరమీద ఎగరేయడానికి సిమ్యులేటర్లు వున్నాయి. తెరమీద మావాడు మొదటిరోజే లెక్కలేనన్ని విమానాలు కూల్చాడు. ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు, ఎవరి తలా పగల్లేదు. తెరమీద తేలిన సంగతేమిటంటే, విమానాన్ని కూల్చేది సాధారణంగా గాలి కాదు, యంత్రమూ కాదు. చెయ్యి! కొత్తవాడి చెయ్యి ఊరుకోదు. విమానం కాస్త కుడికి ఒరిగితే పుల్లను గట్టిగా ఎడమకు లాగుతాడు. అది మరీ ఎడమకు పోతుంది. కంగారుపడి కుడికి లాగుతాడు. ఇలా మూడు ఊపులు ఊపేసరికి నేల వచ్చేస్తుంది. అంతకన్నా పెద్ద గండం, కిందికి వస్తోందన్న భయంతో పుల్లను వెనక్కి లాగిపట్టడం. ముక్కు మరీ పైకెత్తితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకోలేక విడిపోతుంది. దాంతో రెక్కకు బలం పోతుంది. స్టాల్ అంటే అదే. అప్పుడు చెయ్యవలసినది పైకి లాగడం కాదు, పుల్లను వదిలి ముక్కును కొంచెం దిగనిచ్చి, వేగం రానివ్వడం. పడుతున్నదాన్ని మరికాస్త పడనిస్తేనే లేస్తుందన్నమాట. చెప్పడానికి సులువే, చెయ్యి వినాలిగా!

చెయ్యి వినాలంటే వ్యవధి కావాలి. వ్యవధి ఇచ్చేది ఎత్తు. ఎత్తు అంటే బ్యాంకులో నిలవలాంటిది. నిలవ వుంటే ఒక నెల ఖర్చు హెచ్చినా సర్దుకోవచ్చు. చేతిలో పైసా లేనివాడికి చిన్న జ్వరం కూడా పెద్ద ఆపదే. అలాగే నాలుగు తాటిచెట్ల ఎత్తున విమానం తిరగబడితే, పుల్ల వదిలి మూడంకెలు లెక్కపెట్టేలోగా అదే సర్దుకుంటుంది. అదే తిరగబాటు తలంత ఎత్తున జరిగితే ముక్కలు ఏరుకోవడమే. భయపడి తక్కువ ఎత్తున ఎగరేసేవాళ్ళే విమానాన్ని త్వరగా విరగ్గొట్టుకుంటారు. అందుకని ముందు అనుమతి వున్నంత ఎత్తుకు ఎక్కించి, ఆ తరవాతే మలుపులు తిప్పాలి.

కార్తీకమాసంలో ఒక ఆదివారం, ఆరున్నర గంటలకు మొదటిసారి ఎగరేశాం. ఆ వేళప్పుడు గాలి వుండదు. ఆషాఢంలో అయితే హైదరాబాదు గాలికి బట్టలే ఎగిరిపోతాయి, విమానం సంగతి చెప్పాలా? ఎగరేసేముందు చెయ్యవలసినవి కాగితంమీద రాసుకున్నాం. రెక్కకింద ఇటొక వేలు, అటొక వేలు పెట్టి ఎత్తితే విమానం సమంగా నిలవాలి. రెక్క వెడల్పులో ముందంచునుంచి నాలుగోవంతుకూ మూడోవంతుకూ మధ్య ఆ చోటు వుంటుంది. తోక బరువైతే దాన్ని ఎవరూ నడపలేరు. పుల్ల కదిపితే చుక్కాని సరైన వైపుకే తిరుగుతోందా? రేడియో దూరానికి అందుతోందా? రేడియో తెగిపోతే మోటారు తనంతతానే ఆగుతోందా? మైదానంలో మనుషులున్నారా? ఇవన్నీ చూసుకుని, గాలికి ఎదురుగా, నేలకు సమంగా వదలాలి. నేను వదిలాను, వాడు నడిపాడు.

ఎగిరింది. సూటిగా పైకి పోయింది. వాడి చేతులు వణుకుతున్నాయి గాని, పుల్లల్ని మాత్రం వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు. పోయినంతసేపూ బాగానే వుంది. తిరిగి మావైపు వచ్చేసరికి అసలు తమాషా మొదలైంది. విమానం మనకు ఎదురుగా వస్తున్నప్పుడు, దాని కుడి మనకు ఎడమ అవుతుంది. కొత్తవాళ్ళకు ఇక్కడే తికమక. దీనికి ఒక చిట్కా వుంది. ఏ రెక్క కిందికి దిగినట్టు కనబడుతోందో, పుల్లను ఆవైపుకే జరపాలి, ఒరిగిన గోడకు వాసం ఆనించినట్టు. కుడి ఎడమల ఆలోచనే అక్కర్లేదు. మావాడు రెండు ప్రదక్షిణాలు చేయించి, మూడోదాంట్లో చిట్కా మరిచిపోయాడు. విమానం గడ్డిలో ముక్కు పెట్టి నిలబడింది. చుట్టుపక్కల నూరుగజాల్లో మనిషి లేడు. రెక్క మొదట్లో చిన్న చీలిక, అంతే. ఇంటికి తెచ్చి జిగురుతో అతికించాం. ఫెవిక్విక్ లాంటి జిగురులు థర్మకోలును కరిగించేస్తాయి సుమండీ. ఏ ఫోముకు ఏ జిగురో కనుక్కుని గాని వాడకండి.

మరొక జాగ్రత్త, గృహిణులు ముఖ్యంగా వినవలసినది. ఈ విమానాల్లో లిథియం పాలిమర్ బ్యాటరీలు వుంటాయి. ఒక్కొక్క సెల్లు 3.7 ఓల్టులు, నిండా చార్జి ఎక్కితే 4.2. దానికి తగిన చార్జరే వాడాలి. ఉబ్బినదాన్నీ, దెబ్బతిన్నదాన్నీ మళ్ళీ వాడకూడదు, నిప్పంటుకునే ప్రమాదముంది. చార్జి పెట్టి నిద్రపోవడం, బయటికి వెళ్ళడం పనికిరాదు. మా చెల్లెలి ఇంట్లో అది గచ్చుమీదే చార్జి అవుతుంది, దగ్గర ఒక మనిషి కూర్చునే వుంటాడు. ఆ మనిషి తరచూ మా చెల్లెలి భర్తే అయ్యాడు. బొమ్మలాట అన్న ఆయనే ఇప్పుడు ఓల్టులు లెక్క చూసి పుస్తకంలో రాస్తున్నాడు.

పుష్యమాసం వచ్చేసరికి మావాడు ఎనిమిది అంకె చుట్టించి, గాలికి ఎదురుగా తెచ్చి, మోటారు ఆపి, గడ్డిమీద మెల్లిగా దింపే స్థితికి వచ్చాడు. నాకు ప్రదక్షిణం వరకు వచ్చింది. ఈ వయసుకు అది చాలు. సంక్రాంతి వారంరోజులూ ఎగరేయలేదు. ఆకాశమంతా పతంగులు, మాంజాదారం.

పండగ వెళ్ళాక ఒక ఉదయం మా చెల్లెలు కూడా వస్తానంది. ప్లాస్కులో కాఫీ పోసుకుని వచ్చి, చెట్టుకింద నిలబడింది. వాడు బాగానే ఎగరేస్తున్నాడు. ఇంతలో ఒక గద్ద వచ్చి విమానాన్ని వెంబడించింది. వాడు తప్పించబోయి మలుపు బిగించాడు. విమానం తిరగబడి కిందికి రాసాగింది. "అయ్యో నాన్నా! లాగు, పైకి లాగు!" అని చెల్లెలు కేక వేసింది. వాడు లాగలేదు. రెండుచేతులూ ఎత్తి, పుల్లల్ని వదిలేశాడు. ఒక తాటిచెట్టంత ఎత్తు పోయింది. అప్పుడు విమానం తనంతతానే సర్దుకుంది. ముక్కు సమమైంది. కాని ఎత్తు చాలలేదు. మైదానం చివర కంపల్లో చిక్కుకుంది.

మా చెల్లెలు ప్లాస్కు కిందపడేసి పరుగెత్తబోయింది. "అమ్మా, వుండు. నేనే తెచ్చుకుంటాను" అన్నాడు వాడు. కోపంగా అనలేదు. మామూలుగా అన్నాడు, మూడునెలల కిందట ఆ ఇంట్లో వినపడని గొంతుతో. నడుచుకుంటూ వెళ్ళి, కంపలు తప్పించి, విమానం తీసుకుని, తోక విరిగిందా లేదా అని చూసుకుంటూ తిరిగి వచ్చాడు. ఆ పది నిమిషాలూ మా చెల్లెలు పైటకొంగు చుట్టి విప్పుతూ నా పక్కనే నిలబడింది. ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు. ఆవిడకు అదెంత కష్టమో నాకు తెలుసు. తెరమీద మాకు రెండువారాలు పట్టిన పాఠం ఆవిడ ఒక్క ఉదయంలో నేర్చుకుంది.

లాంగ్‌టర్మ్‌లో కూర్చుంటాడా, ఏదైనా కాలేజీలో చేరతాడా అన్నది వాడింకా తేల్చలేదు. తలుపు మాత్రం తీసే వుంటోంది. వాళ్ళు అడగడం మానేశారు, వాడు చెప్పడం మొదలుపెట్టాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ సరదా పుడితే కాదనకండి. అనుమతి, ఖాళీ మైదానం, మెత్తని విమానం, గాలిలేని ఉదయం, తగినంత ఎత్తు. ఈ అయిదూ అమర్చిపెట్టడం పెద్దల వంతు. తరవాత పుల్లలు పట్టుకునేది వాళ్ళు. మీరు పక్కన చేతులు కట్టుకుని నిలబడండి. అది ఊరికే వచ్చేది కాదు, అదీ అభ్యాసం మీద రావలసిన విద్యే.